గెలుపులో గురువు పాలెంత?

హైదరాబాదు పాతబస్తీలోని హుస్సేనీ ఆలంనుంచి ఈ నెల ఒక ఉత్తరం వచ్చింది. రాసినవాడు తొమ్మిదో తరగతి కుర్రవాడు.

"మా బడి బాస్కెట్ బాల్ జట్టు లీగులో ఒక్క ఆటకూడా ఓడకుండా గెలిచింది. నాకౌటులో మొదటి ఆటే ఓడిపోయింది. మా సారువల్లనే ఓడామని కొందరు పెద్దలు అంటున్నారు. వచ్చే ఏడు వేరే సారును పెట్టాలని అర్జీ రాశారు. మా నాన్ననుకూడా సంతకం పెట్టమన్నారు. ఆయన ఇంకా పెట్టలేదు. నిజంగా సారువల్లనే ఓడామో కాదో ఎలా తెలుసుకోవాలి?"

పిల్లలూ, ఈ ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుందిగాని, చిన్నది కాదు. ఒక మనిషి ఉద్యోగం, ఆయన మంచి పేరు దీనిమీద ఆధారపడి ఉన్నాయి. సంతకం పెట్టటానికి అరనిమిషం చాలు. పెట్టాలో, వద్దో తేల్చుకోవటానికి మాత్రం కొంత చరిత్ర, కొంత లెక్క కావాలి. రెండూ చూద్దాం.

పెళ్ళివిందులో బిర్యానీ బ్రహ్మాండంగా ఉన్నదనుకోండి. అందరూ వంటవాణ్ణి మెచ్చుకుంటారు. కాని ఆ రోజు బియ్యం పాతవి, మాంసం లేతది, పొయ్యికింద నిప్పు సమంగా ఉంది. మరి ఆ రుచిలో వంటవాడి పాలెంత? బియ్యం పాలెంత? తిన్నంతమాత్రాన చెప్పలేం. తెలుసుకోవాలంటే రెండు దారులున్నాయి. అదే సరుకు వేరే వంటవాడికి ఇచ్చి చూడాలి. లేదా అదే వంటవాడికి వేరే సరుకు ఇచ్చి చూడాలి. ముఖ్యమైన సంగతేమిటంటే, ఒకసారికి ఒక్కటే మార్చాలి. మిగిలినవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి. సైన్సు ప్రయోగాలలో చేసేది ఇదే.

ఆటలలో ఇలాంటి ప్రయోగం మనం కావాలని చెయ్యలేం. కాని ఒక్కొక్కసారి అది దానంతట అదే జరిగిపోతుంది. అలాంటివి వెతికి చూడాలి.

మంచి శిక్షకుడి కథకోసం మనం దూరం పోనక్కరలేదు. హైదరాబాదులోనే ఉన్నది. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, బడిపంతులు ఉద్యోగం చేశాడు. ఆయన నేర్పినది బాస్కెట్ బాల్ కాదు, ఫుట్ బాల్. ఆట వేరైనా మన ప్రశ్న ఒకటే.

1943లో రహీం హైదరాబాదు ఫుట్ బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆ జట్టు 1950నుంచి 1954దాకా వరసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్సు కప్పు గెలిచింది. రహీం భారతదేశపు జట్టుకుకూడా శిక్షణ ఇచ్చాడు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మన జట్టు ఇరానును 1–0తో ఓడించి బంగారు పతకం తెచ్చుకుంది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం వచ్చింది. 1962లో జకార్తాలో మళ్ళీ ఆసియా బంగారు పతకం వచ్చింది. రహీం 1963 జూనులో కాన్సరువల్ల చనిపోయాడు. ఆయన తరవాత మన ఫుట్ బాల్ జట్టు ఆసియా క్రీడలలో బంగారు పతకం తేలేదు. ఒలింపిక్సులో ఆడటం 1960తోనే ఆగిపోయింది. 2024లో ఆయన జీవితంమీద "మైదాన్" అనే హిందీ సినిమాకూడా వచ్చింది.

ఇది చదవగానే, "ఇంకేం! అంతా గురువు మహిమే!" అని మీకు అనిపిస్తుంది. కాస్త ఆగండి. ఇదే గురువు 1952లో హెల్సింకీ ఒలింపిక్సుకు జట్టును తీసుకుపోయాడు. అక్కడ యుగొస్లావియా మన జట్టును 10–1తో ఓడించింది. మనవాళ్ళలో చాలామంది ఆ చలిదేశంలో వట్టి కాళ్ళతో ఆడారు. నాలుగేళ్ళ తరవాత మెల్బోర్నులో మళ్ళీ అదే యుగొస్లావియాతో ఆడి, 4–1తో ఓడారు. శిక్షకుడు మారలేదు. మారినవి వేరే ఉన్నాయి. హెల్సింకీ తరవాత మన ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి చేశారు. కొత్త కుర్రవాళ్ళు జట్టులోకి వచ్చారు. ఒకే గురువు పేరుకింద 10–1 ఓటమీ ఉంది, బంగారు పతకమూ ఉంది. కనక గురువు ఒక్కడే అన్నిటికీ కారణం కాడు.

అదృష్టంకూడా కొంత ఉంది. మెల్బోర్నులో మన మొదటి పోటీ హంగరీతో. హంగరీ జట్టు రాలేదు. ఆట ఆడకుండానే మనం ముందుకు పోయాం. తరవాత ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది మాత్రం మనవాళ్ళ సత్తాయే. అందులో నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. 1962లో ఇండొనేషియా ప్రభుత్వం ఇజ్రాయిలునూ, తైవానునూ రానివ్వలేదు. ఆ విధంగా కొన్ని జట్లు పోటీలోనే లేకుండా పోయాయి.

రహీం తరవాత పతకాలు ఆగిపోయినమాట నిజమే. కాని ఆ ఏళ్ళలో ఒక్క రహీమేనా మారింది? ఆసియాలోని ఇతర దేశాలు ఆటలో గట్టిపడ్డాయి. మన ఆటగాళ్ళు పెద్దవాళ్ళయి తప్పుకున్నారు. ఇక్కడ వంటవాడూ మారాడు, సరుకూ మారింది, పక్కయింటివాళ్ళు ఇంకా బాగా వండటంకూడా నేర్చుకున్నారు. అలాంటప్పుడు దేని పాలు ఎంతో విడదీసి చెప్పటం కష్టం.

మరి ఒక్కటే మారిన సందర్భాలు ఎక్కడన్నా ఉన్నాయా? అమెరికా బాస్కెట్ బాలులో కొన్ని దొరుకుతాయి. అక్కడ ప్రతి జట్టూ మామూలుగా ఏడాదికి 82 ఆటలు ఆడుతుంది. తరవాత గట్టి జట్లమధ్య ప్లేఆఫులు జరుగుతాయి. ప్రతి ఆటకూ లెక్క ఉంటుంది గనక పోల్చి చూడటం సులభం.

మొదటి సందర్భం: శిక్షకుడు మారాడు, ముఖ్యమైన ఆటగాళ్ళు మారలేదు. గోల్డెన్ స్టేట్ వారియర్స్ అనే జట్టు 2013–14లో 82 ఆటలలో 51 గెలిచి, ప్లేఆఫుల మొదటి మెట్టులోనే ఓడిపోయింది. శిక్షకుణ్ణి మార్చి స్టీవ్ కెర్‌ను పెట్టారు. స్టెఫెన్ కరీ, క్లే థాంప్సన్, డ్రేమండ్ గ్రీన్ అంతకుముందు ఉన్నవాళ్ళే. మరుసటి ఏడు ఆ జట్టు 67 ఆటలు గెలిచి, 40 ఏళ్ళ తరవాత ఛాంపియన్ అయింది. ఇక్కడ శిక్షకుడి పాలు ఉన్నట్టే కనిపిస్తుంది. కాని ఆటగాళ్ళకు ఒక ఏడాది అనుభవం పెరిగిందని మరిచిపోకండి. ఫైనలులో ఎదుటి జట్టువాళ్ళలో ఇద్దరు పేరుమోసిన ఆటగాళ్ళు గాయాలతో కూర్చున్నారనికూడా మరిచిపోకండి.

రెండో సందర్భం: శిక్షకుడు అతనే, గొప్ప ఆటగాడు పోయాడు. ఫిల్ జాక్సన్ శిక్షకుడుగా షికాగో బుల్స్ జట్టు 1991, 1992, 1993లలో వరసగా ఛాంపియన్ అయింది. ఆ జట్టులో మైకేల్ జోర్డన్ ఉన్నాడు. 1993 అక్టోబరులో జోర్డన్ ఆట మానేశాడు. జట్టు కుప్పకూలుతుందని చాలామంది అనుకున్నారు. కాని అంతకుముందు ఏడు 57 ఆటలు గెలిచిన జట్టు, జోర్డన్ లేకుండా 55 గెలిచింది! అయితే ప్లేఆఫులలో రెండో మెట్టు దాటలేకపోయింది. న్యూయార్కు జట్టుతో ఏడో ఆటలో ఓడిపోయింది. అంటే, మంచి శిక్షకుడు జట్టును నిలబెట్టగలిగాడు. శిఖరంమీదికి చేర్చటానికి మాత్రం జోర్డన్ లేని లోటు తెలిసివచ్చింది.

మూడో సందర్భం చిత్రమైనది. కెర్‌కు వెన్నుకు శస్త్రచికిత్స జరిగి, 2015–16లో మొదటి 43 ఆటలకు రాలేకపోయాడు. సహాయకుడు ల్యూక్ వాల్టన్ జట్టును నడిపాడు. ఆ 43లో వాళ్ళు 39 గెలిచారు! దీన్నిబట్టి శిక్షకుడు అక్కరలేదని అనవచ్చునా? అనరాదు. కెర్ అంతకుముందు ఏడాదిపాటు నేర్పిన పద్ధతి ఆటగాళ్ళ ఒంట్లోకి ఎక్కిపోయి ఉంది. పరీక్షరోజున మీ లెక్కల మాస్టారు హాలులో లేకపోయినా, ఆయన నేర్పిన ఎక్కాలు మీ తలలోనే ఉంటాయిగదా! ఆ ఏడు వాళ్ళు మొత్తం 73 ఆటలు గెలిచారు. అప్పటిదాకా ఏ జట్టూ అన్ని గెలవలేదు. ఆ తరవాత ఫైనలులో 3–1 ఆధిక్యంలో ఉండికూడా, 4–3తో ఓడిపోయారు. అప్పటికి కెర్ తిరిగివచ్చి జట్టు దగ్గరే ఉన్నాడు.

ఏడాది పొడుగునా గెలిచిన జట్టు చివర ఓడటం ఎలా జరుగుతుంది? ఇక్కడ లెక్క వస్తుంది. మీరే చేసి చూడండి.

పది చీటీలు తీసుకోండి. ఆరింటిమీద "గెలుపు" అని, నాలుగింటిమీద "ఓటమి" అని రాసి, మడిచి ఒక డబ్బాలో వెయ్యండి. ఇది పది ఆటలలో ఆరు గెలవగల జట్టు. అంటే ఎదుటి జట్టుకన్న గట్టిది. ఒక చీటీ తియ్యండి. అది ఒక నాకౌటు ఆట. చీటీ మళ్ళీ డబ్బాలో వేసి, కుదిపి, ఇంకొకటి తియ్యండి. నాకౌటులో కప్పు రావాలంటే వరసగా మూడు "గెలుపు" చీటీలు రావాలనుకుందాం. ఎన్నిసార్లు వస్తాయి? లెక్క ప్రకారం 1,000 ప్రయత్నాలకు సుమారు 216సార్లు. అంటే అయిదింట ఒకసారికన్న కొంచెం ఎక్కువ. గట్టి జట్టుకుకూడా చాలాసార్లు కప్పు దక్కదు. అందులో ఎవరి తప్పూ ఉండనక్కరలేదు.

అమెరికాలో ప్లేఆఫులకు ఒక్క ఆటతో తేల్చరు. ఏడు ఆటలు పెట్టి, ముందుగా నాలుగు గెలిచినవాళ్ళను పైకి పంపుతారు. అలా చేస్తే మన ఆరు చీటీల జట్టు నూటికి 71సార్లు నెగ్గుతుంది. ఒక్క ఆటలోనైతే నూటికి 60సార్లే. ఆటలు పెరిగినకొద్దీ అదృష్టం పాలు తగ్గి, సత్తా పాలు పెరుగుతుంది. బడిపిల్లల పోటీలలో ఏడేసి ఆటలు ఆడించటానికి రోజులు చాలవు. కనక ఒక్క ఆటలో అదృష్టం పాలు ఎక్కువ.

ఇదే లెక్క రోవర్సు కప్పులకు వేసి చూద్దాం. కప్పుకు నాలుగు ఆటలు గెలవాలనుకుంటే, అయిదు కప్పులకు వరసగా 20 ఆటలు గెలవాలి. ఆరు చీటీల జట్టుకు అది 27,000 ప్రయత్నాలలో ఒక్కసారి జరగవచ్చు. తొమ్మిది "గెలుపు" చీటీలు ఉన్న జట్టుకైతే నూటికి 12సార్లు జరుగుతుంది. అంటే హైదరాబాదు పోలీసుల గెలుపు వట్టి అదృష్టం కాదు. ఆ డబ్బాలో గెలుపు చీటీలు నిజంగానే చాలా ఉన్నాయి.

అయితే ఆ చీటీలు డబ్బాలో వేసినది ఎవరు? ఇదే అసలు ప్రశ్న. ఆటగాళ్ళకు పోలీసు ఉద్యోగం ఉంది. తిండికి వెతుక్కోకుండా రోజూ సాధన చెయ్యగలిగారు. ఊళ్ళో ఫుట్ బాలంటే ప్రాణమిచ్చే పిల్లలు ఉన్నారు. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్‌వంటి ఆటగాళ్ళు ఉన్నారు. రహీం పాలు ఏమిటో చూడాలంటే ఆటరోజున కాదు, ఆటలేని రోజులలో ఆయన ఏం చేశాడో చూడాలి.

కుర్రవాళ్ళకు ఆయన వింత పోటీలు పెట్టేవాడు. ఒకదానిలో చేతకాని కాలితోనే బంతి తన్నాలి. ఇంకొకదానిలో బంతిని కాలిదగ్గర పెట్టుకుని పరుగెత్తరాదు, వెంటనే తోటివాడికి అందించాలి. ఇలా ఆడినవాడికి రెండు కాళ్ళూ ఒకటే అవుతాయి. పక్కవాణ్ణి చూసే కన్ను వస్తుంది. అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే బీద కుర్రవాడు ఉండేవాడు. అంత దూరంనుంచి సాధనకు రావటానికి వాడిదగ్గర డబ్బు లేదు. అద్దెసైకిలుకు రహీమే డబ్బులిచ్చాడు. ఆ బలరాం 1956, 1960 ఒలింపిక్సులలో ఆడాడు. జకార్తాలో బంగారు పతకం తెచ్చిన జట్టులోకూడా ఉన్నాడు. ఆ సైకిలు అద్దె ఏ స్కోరుబోర్డుమీదా కనిపించదు. కాని అది ఒక "గెలుపు" చీటీయే.

ఆటరోజునకూడా శిక్షకుడికి కొంత పని ఉంటుంది. జకార్తాలో మన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడింది. తరవాత ఒక ఆటలో జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. అతను గోలుకు కాపలాకాసే వెనకవరస ఆటగాడు. రహీం అతన్ని ముందువరసకు మార్చాడు. 1962 సెప్టెంబరు 4న ఫైనలులో మళ్ళీ అదే దక్షిణ కొరియా ఎదురైంది. చూడవచ్చిన లక్షమంది మన జట్టుకు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నారు. 17వ నిమిషంలో పి. కె. బెనర్జీ గోలు కొట్టాడు. 20వ నిమిషంలో రెండో గోలు కొట్టినది జర్నైల్ సింగే! మనం 2–1తో గెలిచాం. జర్నైలును ముందుకు పంపాలన్న ఆలోచన రహీంది. కుట్లుపడిన తలతో ఆడిన ధైర్యం జర్నైలుది. ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ గోలు లేదు. దీన్ని సగం సగం పంచటం ఎవరికీ సాధ్యం కాదు.

ఇంకొక గుర్తుకూడా ఉంది. మంచి గురువు వెళ్ళిపోయినా ఆయన నేర్పినది కొంతకాలం నిలుస్తుంది. రహీం పోయిన తరవాత 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 ఆసియా క్రీడలలో మన జట్టుకు కంచు పతకం వచ్చింది. ఆ జట్టు నాయకుడు హైదరాబాదువాడైన సయ్యద్ నయీముద్దీన్. దానికి శిక్షణ ఇచ్చినవాళ్ళలో ఒకడు జకార్తాలో మొదటి గోలు కొట్టిన పి. కె. బెనర్జీ.

ఇక మన హుస్సేనీ ఆలం కుర్రవాడి సంగతికి వద్దాం. నాయనా, ఓడిపోయిన ఆ ఒక్క ఆట చూసి ఏమీ తేల్చటానికి వీలులేదు. అది డబ్బాలోనుంచి తీసిన ఒక్క చీటీ. సారువల్లనే ఓడామనేవాళ్ళను ఒక మాట అడగాలి: లీగులో గెలిచిన ఆటలు ఎవరివల్ల? గెలిస్తే పిల్లల గొప్ప, ఓడితే సారు తప్పు అనటం ఏ లెక్కలోనూ కుదరదు. రెండువైపులా ఒకే త్రాసు పట్టాలి.

దానికి బదులు మీ నాన్నగారూ, నువ్వూ కూర్చుని ఇవి విచారించండి. ఏడాది మొదట్లో నీ స్నేహితులు పది ఫ్రీత్రోలు వేస్తే ఎన్ని పడేవి, ఇప్పుడు ఎన్ని పడుతున్నాయి? ఎడమచేత్తో బంతి కొట్టలేనివాళ్ళు ఇప్పుడు కొట్టగలుగుతున్నారా? బెంచీమీద కూర్చునేవాళ్ళకుకూడా ఆట వచ్చిందా, లేక అయిదుగురికే నేర్పారా? వెనకబడినప్పుడు ఏం చెయ్యాలో సారు ముందే చెప్పి ఉంచారా? ఈ సారు రాకముందు జట్టు ఎలా ఉండేది? ఓడిన రోజున మీలో ఎవరికైనా జ్వరంగాని, గాయంగాని ఉన్నదా? ఎదుటివాళ్ళు మీకన్న పెద్ద పిల్లలా?

ఈ జవాబులన్నీ సారుకు వ్యతిరేకంగా వస్తే, మార్చమని అడగటంలో తప్పు లేదు. పిల్లలకు మంచి గురువు దొరకటంకూడా ముఖ్యమే. కాని జవాబులు ఆయనవైపు ఉంటే, ఒక్క ఓటమికోసం ఆయన్ని పంపించటం అన్యాయం; జట్టుకు నష్టంకూడా. అమెరికా ఆటగాళ్ళు ఆట బాగా వచ్చిన తరవాతనే ఆ జట్లలో చేరతారు. బడిపిల్లలకు అలా కాదు. బంతి పట్టుకోవటందగ్గరనుంచి సారే నేర్పాలి. కనక బడి జట్టులో శిక్షకుడి పాలు ఏడాది మొత్తంమీద చాలా ఎక్కువ. ఒక్క ఆటలో తక్కువ. అర్జీలు మాత్రం ఆ ఒక్క ఆట మరునాడే రాస్తారు!

పాఠకులందరికీ ఈ నెల పని ఇది. పైన చెప్పిన చీటీల ఆట ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి ఆడండి. మూడేసి చీటీలు ఒక కప్పుగా, ఇరవై కప్పులు ఆడండి. ఇరవైలో ఎన్ని గెలిచారో కార్డుమీద రాసి పంపండి. ఒక్కొక్కరికి ఒక్కొక్క అంకె వస్తుంది. అందరి అంకెలూ కలిపితే ఎంత వస్తుందో వచ్చే నెల చూద్దాం.